వంటయింటి ఉపకరణములు – వాటిని కనిపెట్టిన మనుషులు

శాస్త్రము అనగానే మన కన్నుల ముందు గాజుగొట్టములు, తెల్లకోటులు, నల్లబల్లపై సమీకరణములు మెదలును. వంటయిల్లు మెదలదు. కాని నీరు ఆవిరియగుట, పాలు తోడుకొనుట, పిండి పులియుట, ఉప్పు కరగుట వంటి సంగతులను మానవజాతి మొట్టమొదట గమనించినది పొయ్యి దగ్గరనే. ఆ విధముగా చూచినచో వంటయిల్లే ప్రపంచములోని తొలి ప్రయోగశాల. అందులో తరతరములుగా పనిచేసిన వారికి మాత్రము శాస్త్రజ్ఞులన్న పేరు రాలేదు.

కళాశాల ప్రయోగశాలలోని పరికరములను మనము వాటి కర్తల పేర్లతోనే పిలుచుచున్నాము. బున్సెన్ బర్నరు అనుచున్నాము, డేనియల్ ఘటము అనుచున్నాము. ఇంటిలో ప్రతిదినము వాడు కుక్కరు, స్టవ్వు, గ్రైండరు, ఫ్రిజ్ అనునవి ఎవరి ఆలోచనలో పుట్టినవని అడిగినచో, పట్టభద్రులు సైతము తడుముకొనవలసి వచ్చును. ఆ కొరతను కొంతయైనను తీర్చుటకే మేము ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. అన్ని ఉపకరణములను గూర్చి చెప్పుటకు ఇచ్చట తావు చాలదు. కనుక కొన్నిటినే ఎన్నుకొని, వాటిని కనిపెట్టినవారిని, అవి పనిచేయు తీరును పాఠకులకు పరిచయము చేయుదుము.

ఈ చరిత్రలను చదువుచున్నప్పుడు ఒక సంగతి మాకు స్పష్టముగా గోచరించినది. యంత్రము పనిచేసినంత మాత్రమున అది పూర్తియైనట్లు కాదు. "దీని పక్కన నిలబడువారెవరు? వారికేమగును?" అను ప్రశ్న ఎవరో ఒకరు వేసిన పిమ్మటనే అది ఇంటిలోనికి రాదగినదగుచున్నది. ఆ ప్రశ్న వేయుట మరచిన చోటులలో ప్రమాదములు జరిగినవి.

ఆవిరిని బంధించిన పాపాన్

ప్రెషర్ కుక్కరు నిన్న మొన్నటి వస్తువని చాలమంది భావింతురు. దాని వయస్సు మూడువందల నలుబది సంవత్సరములకు పైమాటయే. 1647లో ఫ్రాన్సు దేశమున జన్మించిన డెనీ పాపాన్ వైద్యము చదివినాడు. కాని అతని మనస్సు యంత్రములపైననే ఉండెడిది. పారిస్‌లో హైగెన్స్ వద్దను, తరువాత లండనులో రాబర్ట్ బాయిల్ వద్దను సహాయకుడుగా పనిచేసినాడు. బాయిల్ సూత్రమును మన విద్యార్థులందరు ఎరుగుదురు. ఆ బాయిల్ సహాయకుడే 1679లో రాయల్ సొసైటీ సభ్యుల ఎదుట బిగుతైన మూతగల ఒక ఇనుపపాత్రను ఉంచినాడు. దానికి అతడు పెట్టిన పేరునకు "జీర్ణింపజేయునది" అని అర్థము.

అందలి సూత్రము సులభమైనదే. తెరచియున్న పాత్రలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. ఎంత మంట పెట్టినను అంతకు మించి వేడెక్కదు. అదనపు వేడి అంతయు ఆవిరియై పోవును. ఆ ఆవిరిని బయటకు పోనీయక బంధించినచో లోపలి పీడనము పెరుగును, దానితోపాటు నీరు మరుగు ఉష్ణోగ్రత కూడ పెరుగును. నేటి కుక్కరులో అది సుమారు 120 డిగ్రీల వరకు చేరును. కందిపప్పు త్వరగా ఉడుకుటకు కారణమిదే. పర్వతప్రాంతములలో దీనికి విరుద్ధముగా జరుగును. గాలి పీడనము తక్కువగా ఉండుటచే, సముద్రమట్టమునకు 3500 మీటర్ల ఎత్తుననున్న లేహ్ పట్టణమున నీరు సుమారు 88 డిగ్రీలకే మరుగును. అందుచే అచ్చట కుక్కరు లేనిదే పప్పు ఉడుకుట కష్టము.

మన ప్రాంతపు వంటవారికి ఆవిరిని బంధించుట కొత్త విషయము కాదు. హైదరాబాదు దమ్ బిర్యానీ వండునప్పుడు గిన్నె అంచుచుట్టు పిండిముద్ద అంటించి మూత బిగింతురు. సువాసనను, ఆవిరిని లోపలనే నిలుపుటకు చేసిన ఉపాయమది. కాని పిండి మెత్తనిది. ఆవిరి మితిమీరినచో అదే పగిలి దారి ఇచ్చును. పాపాన్ ఇనుపమూతకు అట్టి మెత్తదనము లేదు. లోపలి పీడనము పెరిగి పాత్ర పగులునేమో అను భయము అతనికి కలిగినది. అంతట అతడు మూతలో ఒక రంధ్రము చేసి, దానిపై ఒక మీటను, మీట చివర ఒక బరువును అమర్చినాడు. పీడనము హద్దు దాటినప్పుడు ఆవిరి ఆ బరువును పైకెత్తి బయటకు పోవును. రక్షణకవాటము ఆ విధముగా పుట్టినది. తరువాతి కాలమున ఆవిరియంత్రములన్నిటికిని ఇదే ప్రాణరక్షకమైనది. నేడు మన ఇండ్లలో ఈలవేయుచున్న కుక్కరు బరువు దాని సంతతియే.

1682లో పాపాన్ తన పాత్రలో వండిన విందును రాయల్ సొసైటీ సభ్యులకు వడ్డించినాడు. గట్టి ఎముకలు సైతము మెత్తబడినవని చూచినవారు వ్రాసికొనినారు. పారవేయు ఎముకలనుండి బీదలకు బలమైన ఆహారము లభించవలెనన్నది అతని కోరిక. అతడు ఫ్రాన్సులో అల్పసంఖ్యాకులైన ప్రొటెస్టంటు మతస్థులలోని వాడు. 1685లో ఆ దేశపు రాజు వారికి గల మతస్వేచ్ఛను రద్దు చేయుటతో అతనికి స్వదేశమునకు తిరిగిపోవు దారి మూసికొనిపోయినది. పరదేశములలో తిరుగాడి, చివరకు 1713 ప్రాంతమున లండనులో బీదతనముతో కన్నుమూసినాడు.

మన దేశమున 1910లో ఇందుమాధవ్ మల్లిక్ అను వంగదేశీయుడు "ఇక్‌మిక్ కుక్కరు"ను నిర్మించినారు. ఆయన వైద్యుడు, న్యాయశాస్త్రము చదివినవాడు. పొడవైన ఒక డబ్బాలో అడుగున బొగ్గుల నిప్పు, లోపల నీరు, క్యారియరు గిన్నెలవలె ఒకదానిపై ఒకటి అన్నము, పప్పు, మాంసము పెట్టుటకు పాత్రలు ఉండును. నిప్పు వేసి పనికి పోయి తిరిగివచ్చు లోపల వంట సిద్ధమగును. ఒంటరిగా నివసించు ఉద్యోగులు, విద్యార్థులు, ప్రయాణికులు దానిని ఆదరించినారు.

1959 నుండి భారతీయ సంస్థలు ప్రెషర్ కుక్కరులను పెద్దయెత్తున తయారుచేయసాగినవి. వాటితోపాటు ప్రమాదములు కూడ వచ్చినవి. రక్షణకవాటము చెడినప్పుడు కొందరు బజారులో చౌకగా దొరకు నకిలీ విడిభాగమును బిగించెడివారు. అది కరుగవలసిన వేళ కరుగదు, తెరుచుకొనవలసిన వేళ తెరుచుకొనదు. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన ఇంజనీరు, ప్రెస్టీజ్ సంస్థకు చెందిన టి.టి. జగన్నాథన్ దీనికొక ఉపాయము చేసినారు. మూత అంచున ఒక చిన్న కిటికీవంటి సందు ఉంచినారు. పీడనము ప్రమాదస్థాయికి పెరిగినచో లోపలి రబ్బరుపట్టీ ఆ సందులోనుండి వెలుపలికి ఉబ్బి, ఆవిరి ఒక్కసారిగా పోవుటకు దారి ఇచ్చును. కవాటము నకిలీదైనను పాత్ర పేలదు. వాడువారు పొరపాటు చేయుదురని ముందే ఊహించి, ఆ పొరపాటునుండి కూడ వారిని కాపాడుట ఇందలి విశేషము.

పొగ, మంట, వాసన

కట్టెలపొయ్యి ముందు గొట్టముతో ఊదుచు కన్నులు నులుముకొను స్త్రీని ఎరుగని ఊరు మనకు లేదు. పొయ్యి తెరచియుండుటచే వేడిలో అధికభాగము గిన్నెకు అందక వృథాయగును. 1790ల దశకమున మ్యూనిక్ నగరమున బెంజమిన్ థాంప్సన్, అనగా కౌంట్ రంఫర్డ్, ఈ నష్టమును గమనించి నిప్పును ఇటుకల గదిలో మూసి, పైన గిన్నెలు దిగుటకు రంధ్రములు, గాలిని అదుపుచేయు తలుపులు గల పొయ్యిలను కట్టించినాడు. ఫిరంగులను తొలుచునప్పుడు పుట్టు వేడిని చూచి, ఉష్ణము పదార్థము కాదు, చలనముయొక్క రూపమని వాదించినవాడు ఇతడే. బీదలకు తక్కువ ఖర్చుతో వేలమందికి గంజి కాచుట ఎట్లు అను ప్రశ్నయే ఇతనిని పొయ్యి దగ్గరకు తెచ్చినది.

మన హైదరాబాదుకు సంబంధించిన ఒక పేరును ఇచ్చట తప్పక స్మరింపవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు చెందిన డాక్టర్ ఎస్.పి. రాజు పల్లెటూరి స్త్రీ తన చేతులతో మట్టితోనే కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించినారు. ఒక నిప్పుతో ఒకటికంటె ఎక్కువ గిన్నెలు వేడెక్కును. మిగిలిన పొగ గొట్టముద్వారా ఇంటికప్పు దాటి పోవును. 1953లో ఆయన కోట్లాది జనులకు పొగలేని వంటయిండ్లు అను అర్థము వచ్చు పేరుతో ఆంగ్లమున ఒక చిన్న పుస్తకము ప్రకటించినారు. ఆ తరువాత 1983లో భారత ప్రభుత్వము మెరుగైన పొయ్యిల కార్యక్రమమును చేపట్టినది. లక్షలాది పొయ్యిలు నిర్మింపబడినను, చాలచోట్ల గొట్టములు మసితో పూడినవి, మట్టి పగిలినది, మరమ్మతు చేయువారు లేకపోయిరి. పొయ్యిని కట్టి ఇచ్చిన నాటితో పని ముగియదని ఈ అనుభవము నేర్పినది. ఇంటిలోని పొగ కారణముగా 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించినారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసినది. కనుక పొగగొట్టము సౌకర్యము మాత్రమే కాదు, ప్రాణావసరము.

1892లో స్వీడన్ దేశపు ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ మసిలేని కిరోసిన్ స్టవ్వును చేసినాడు. పాత దీపములలో నూనె వత్తిద్వారా ఎక్కి, సరిగా మండక మసి చేసెడిది. లిండ్‌క్విస్ట్ వత్తినే తీసివేసినాడు. పంపు కొట్టగా ట్యాంకులోని గాలి నూనెను పైకి నెట్టును. ముందుగా స్పిరిటుతో వేడిచేసిన గొట్టములో ఆ నూనె ఆవిరిగా మారి, సన్నని రంధ్రమునుండి వెలువడి, గాలితో కలిసి నీలిమంటతో మండును. "ప్రైమస్" అను పేరుతో అది దేశదేశములకు పోయినది. 1911లో దక్షిణధ్రువమును చేరిన అముండ్సెన్ బృందమువారు మంచును కరిగించుకొనినది ఇట్టి స్టవ్వుపైననే. మన పట్టణములలోని మధ్యతరగతి ఇండ్లలో పంపుస్టవ్వు చప్పుడు దశాబ్దములపాటు వినిపించినది.

ఆ స్టవ్వు పేరుతో ఒక దుఃఖగాథ కూడ ఉన్నది. 1970, 1980 దశకములలో "స్టవ్వు పేలి గృహిణి మృతి" అను వార్తలు పత్రికలలో తరచుగా వచ్చెడివి. కొన్ని నిజముగా ప్రమాదములే. కొన్నింటి వెనుక మాత్రము వరకట్నపు దురాశ దాగియున్నదని స్త్రీసంఘములు వీధికెక్కి చెప్పినవి. ఇంటిలో అందరు వాడు స్టవ్వు కోడలు ముట్టినప్పుడే ఎందుకు పేలుచున్నదని వారు అడిగినారు. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను, 1986లో వరకట్న మరణమునకు సంబంధించిన 304బి సెక్షను చేర్చబడినవి. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను ఆ నేరములకు స్థానము కలదు. మనిషి చేసిన దారుణమును యంత్రముపై నెట్టుట ఎంత సులభమో ఈ చరిత్ర తెలుపుచున్నది. చదువుకొన్న యువకులు దీనిని మరువరాదు.

తరువాత గ్యాసు వచ్చినది. బండలోని ద్రవీకృత పెట్రోలియం వాయువునకు సహజముగా వాసన దాదాపు లేదు. మనకు సోకు దుర్వాసన దానిలో బుద్ధిపూర్వకముగా కలిపిన మెర్కాప్టాన్ అను గంధక సమ్మేళనముది. ఇట్లు కలుపు పద్ధతి చట్టబద్ధమగుటకు వెనుక ఒక ఘోరము కలదు. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున న్యూ లండన్ అను ఊరి పాఠశాలలో వాసనలేని సహజవాయువు నేలక్రింద నిండి, ఒక నిప్పురవ్వతో పేలిపోయినది. సుమారు 300 మంది బాలబాలికలు, ఉపాధ్యాయులు మరణించినారు. వెంటనే గ్యాసులో వాసన కలుపవలెనని శాసనములు చేసినారు. మన వంటయింటిలో గ్యాసు వాసన వచ్చినప్పుడు కిటికీ తెరచి, స్విచ్ ముట్టక, రెగ్యులేటరు మూసివేయుదుము. ఆ కొన్ని నిమిషముల వ్యవధి ఆ పిల్లల మరణమువలన లోకమునకు లభించినది.

రోటినుండి గ్రైండరు వరకు

తిరగలి, రోలు, సన్నెకల్లు, రుబ్బురోలు అనునవి మన స్త్రీల భుజబలముతో నడచిన యంత్రములు. తిరగలి పాటలు, దంపుళ్ల పాటలు మన జానపద సాహిత్యమునకు భూషణములు. ఆ పాటలను మెచ్చుకొనువారు, వాటిని పాడినవారు తెల్లవారుజామునుండి తిప్పిన రాయి బరువును కూడ తలచుకొనవలెను.

పాశ్చాత్యదేశములలో మిక్సీకి మూలపురుషుడు స్టీఫెన్ పొప్లావ్‌స్కీ. 1922లో అతడు పాల పానీయములను చిలుకుటకై గిన్నె అడుగున తిరుగు రెక్కలను అమర్చినాడు. ఆ యంత్రము మెత్తని, పలుచని పదార్థములకు చాలును. నానిన మినపపప్పుకు, ఎండిన పసుపుకొమ్ముకు, కొబ్బరికి అది నిలువదు. 1960ల దశకమున బొంబాయిలో మాధురీ మాథుర్ అను గృహిణి వాడు విదేశీ మిక్సీ చెడిపోయినది. బాగుచేయువారు దొరకలేదు. ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ ఇంజనీరు. భారతీయ వంటకు తగిన శక్తిగల మోటారుతో ఆయన నిర్మించినదే "సుమీత్" మిక్సీ. ఆమె దానిని వంటకములపై పరీక్షించి, ఊరూర ప్రదర్శించి చూపినది. యంత్రము ఆయనదైనను, అది ఏమి చేయవలెనన్న నిర్ణయము ఆమెది.

దక్షిణాదిలో ఇడ్లీ, దోసె పిండి సమస్య వేరు. అతివేగముగా తిరుగు రెక్కలు పిండిని వేడెక్కించును, రాయి అట్లు చేయదు. 1955లో కోయంబత్తూరుకు చెందిన పి. సభాపతి విద్యుత్తుతో నడచు రుబ్బురోలును, అనగా వెట్ గ్రైండరును తయారుచేసినారు. ఇంటి రుబ్బురోలులో రోలు కదలక యుండును, పొత్రము తిరుగును. గ్రైండరులో పొత్రమును ఒకచోట నిలిపి రోటినే త్రిప్పుదురు. ఒక్క మార్పుతో స్త్రీ చేయి ఆ పనినుండి విడుదల పొందినది. కోయంబత్తూరు గ్రైండరుకు తరువాత భౌగోళిక గుర్తింపు కూడ లభించినది.

అన్నము ఉడికినదని తెలిసికొను స్విచ్

అన్నము వండుట తేలికయని వండనివారే అందురు. నీరు ఇంకిన క్షణమును పట్టుకొనవలెను. కొంచెము ముందైనచో పలుకు, కొంచెము ఆలస్యమైనచో మాడు. ఈ క్షణమును యంత్రము ఎట్లు గుర్తించును? జపానులో తోషిబా సంస్థకు పనిచేసి పెట్టు చిన్న కర్మాగారపు యజమాని యోషితద మినామి ఈ చిక్కును చేపట్టినాడు. అన్నము వండు అనుభవము అతనికి లేదు, అతని భార్య ఫుమికోకు కలదు. ఆమె దినదినము అన్నము వండుచు, నీటి కొలతను, ఉష్ణోగ్రతను, సమయమును వ్రాసిపెట్టినది. ఎండలోను, చలిలోను పరీక్షలు జరిగినవి.

వారు కనుగొన్న సూత్రము గుప్తోష్ణ పాఠము చదివిన ప్రతి విద్యార్థికి ఆనందము కలిగించును. లోపలి గిన్నెలో బియ్యము, నీరు ఉండును. బయటి గిన్నెలో కొలిచిన కొద్ది నీరు పోయుదురు. ఆ నీరు ఉన్నంతవరకు దాని ఉష్ణోగ్రత 100 డిగ్రీలు దాటదు. అది పూర్తిగా ఆవిరియై పోయిన వెంటనే ఉష్ణోగ్రత ఒక్కసారిగా పెరుగును. అప్పుడు రెండు లోహములను అతికించిన ద్విలోహపట్టీ వంగి విద్యుత్తును ఆపివేయును. బయటి నీరు ఇంకుటకు పట్టు కాలము, అన్నము ఉడుకుటకు పట్టు కాలము సమానమగునట్లు కొలత నిర్ణయించుటయే ఫుమికో పరిశ్రమ ఫలము. 1955 డిసెంబరులో ఆ కుక్కరు విపణికి వచ్చినది. తెల్లవారకముందే లేచి పొయ్యి దగ్గర కాపలా కాయు పని తప్పినది. రంజాను మాసమున సహరీకై అర్ధరాత్రి దాటగానే లేచు మన ఇండ్ల తల్లులకు ఈ సౌకర్యపు విలువను వేరుగా చెప్పనక్కరలేదు.

చల్లదనము కొరకు చేసిన అన్వేషణ

మట్టికూజాలోని నీరు ఎందుకు చల్లబడును? సన్నని రంధ్రములనుండి ఊరిన నీరు ఆవిరియగునప్పుడు, దానికి కావలసిన వేడిని లోపలి నీటినుండియే గ్రహించును. ఫ్రిజ్ కూడ ఈ సూత్రముపైననే నడచును. భేదమొక్కటే. కూజా నీరు గాలిలో కలిసిపోవును. ఫ్రిజ్‌లోని శీతలకారి ఆవిరియై, తిరిగి కంప్రెసరు ఒత్తిడిచే ద్రవమై, మూసిన గొట్టములలోనే తిరుగుచుండును.

అమెరికాలోని ఫ్లోరిడాలో జాన్ గోరీ అను వైద్యుడు జ్వరపీడితుల గదులను చల్లబరచవలెనని మంచుగడ్డను చేయు యంత్రమును నిర్మించి 1851లో పేటెంటు పొందినాడు. దానిని నమ్మి ధనము పెట్టువారు లేక, 1855లో నిరాశతో మరణించినాడు. తరువాత జర్మనీ దేశపు కార్ల్ ఫాన్ లిండే 1870ల దశకమున అమ్మోనియా వాడు యంత్రములతో శీతలీకరణమును పరిశ్రమగా నిలిపినాడు.

ఫ్రిజ్ ఇంటిలోనికి వచ్చిన తొలిదినములలో వాడిన అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడు, మిథైల్ క్లోరైడు అను వాయువులు విషములు. గొట్టము కారినచో నిద్రలోనే ప్రాణము పోవచ్చును. బెర్లిన్‌లో ఒక కుటుంబము ఇట్లు నశించిన వార్త పత్రికలో చదివి, సాక్షాత్తు ఆల్బర్ట్ ఐన్‌స్టీన్, తన మిత్రుడు లియో సిలార్డ్‌తో కలిసి కదలు భాగములు లేని, కారుటకు అవకాశము లేని ఫ్రిజ్‌ను రూపొందింప పూనుకొనినాడు. 1930లో వారికి అమెరికా పేటెంటు లభించినది. ఆ నమూనా ఇండ్లకు చేరలేదు. అయినను సాపేక్ష సిద్ధాంతకర్తకు వంటయింటి ప్రమాదము చిన్న విషయముగా తోచలేదని మనము గ్రహింపవలెను.

అదే కాలమున థామస్ మిడ్జ్‌లీ క్లోరోఫ్లోరోకార్బన్ అను శీతలకారిని తయారుచేసినాడు. అది విషము కాదు, మండదు. 1930లో అతడు సభలో ఆ వాయువును పీల్చి, దానినే కొవ్వొత్తిపై ఊది ఆర్పి చూపినాడు. ఫ్రిజ్ పక్కన నిలబడువారికి భయము తొలగినది. కాని ఆ వాయువు చివరకు ఎచ్చటికి పోవునో ఎవరును అడుగలేదు. 1974లో మోలినా, రోలండ్ అను శాస్త్రజ్ఞులు అది ఆకాశపు పైపొరలకు చేరి ఓజోన్‌ను నాశనము చేయునని తెలిపినారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ పొర పలుచబడిన సంగతి బయటపడినది. 1987లో మాంట్రియల్ ఒప్పందము జరిగినది. 1995లో పాల్ క్రుట్జెన్‌తోపాటు ఆ ఇరువురికి నోబెల్ బహుమానము లభించినది. నేటి ఫ్రిజ్‌లలో ఆ వాయువు లేదు. "పక్కన నిలబడువారు" అన్నప్పుడు ఆ గదిలోని వారే కాక, భూగోళముపైనున్న వారందరును లెక్కకు వత్తురని ఈ కథ మనకు నేర్పుచున్నది.

బడి చదువు లేనివాడు, అంట్లు తోమించిన ఇల్లాలు

పెర్సీ స్పెన్సర్ 1894లో అమెరికాలో పుట్టినాడు. పసితనముననే తండ్రిని పోగొట్టుకొని బంధువుల వద్ద పెరిగినాడు. పన్నెండవ ఏటనే చదువు మాని మిల్లులో చేరినాడు. నౌకాదళములో రాత్రి కాపలా కాయుచు పుస్తకములు చదివి విద్యుచ్ఛాస్త్రము నేర్చుకొనినాడు. 1945లో రేథియాన్ సంస్థలో రాడారుకు కావలసిన మాగ్నెట్రాన్ వద్ద నిలిచియుండగా అతని జేబులోని మిఠాయి కరిగిపోయినది. మరియొకరైనచో బట్టలు దులుపుకొని పోయెడివారు. అతడు మొక్కజొన్న గింజలు తెప్పించి ఆ తరంగములకు ఎదురుగా ఉంచినాడు. అవి పేలాలైనవి. మైక్రోవేవ్ పొయ్యి ఆ విధముగా పుట్టినది. ఆ తరంగములు ఆహారములోని నీటి అణువులను అటునిటు త్రిప్పి వేడి పుట్టించును. 1947 నాటి తొలి యంత్రము నిలువెత్తున ఉండి సుమారు 340 కిలోల బరువు తూగెడిది. తలుపు తెరువగానే తరంగములు ఆగిపోవు ఏర్పాటు, తరంగము దూరలేనంత చిన్న రంధ్రములు గల లోహపుజల్లెడ తలుపున ఉండుటచేతనే అది ఇంటికి తగినదైనది.

గిన్నెలు కడుగు యంత్రమును ఒక స్త్రీ కనిపెట్టినది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమునకు చెందిన జోసెఫీన్ కోక్రేన్ భర్త 1883లో అప్పులు మిగిల్చి మరణించినాడు. ఆమె ఇంటివెనుక కొట్టములో ఒక మెకానిక్కు సహాయముతో పళ్లెముల కొలతలకు తగిన తీగగూళ్లు చేసి, వాటిని చక్రముపై అమర్చి, వేడి సబ్బునీటిని చిమ్మించినది. 1886 డిసెంబరు 28న పేటెంటు లభించినది. 1893 షికాగో ప్రదర్శనలో ఆ యంత్రము పేరుపొందినది. దానిని మొదట కొనినవి హోటళ్లే. వేలమంది అంట్లకు ఖర్చు పెట్టుటకు హోటలు యజమాని సిద్ధపడినాడు. ఇంటిలో ఒక స్త్రీ శ్రమకు అట్టి వెల కట్టుటకు ఇంటి యజమానికి చాలకాలము పట్టినది.

లిలియన్ గిల్‌బ్రెత్ అను ఇంజనీరు పండ్రెండుమంది బిడ్డల తల్లి. కర్మాగారములో శ్రామికుని కదలికలను కొలిచినట్లే వంటయింటిలో స్త్రీ నడకను, వంగుటను కొలిచి, ఎన్ని అడుగులు తగ్గింపవచ్చునో లెక్కవేసినది. పొయ్యి ఎంత ఎత్తున ఉండవలెనో తెలిసికొనుటకు వేలాదిమంది స్త్రీలను ప్రశ్నించినది. కాలితో నొక్కగా తెరుచుకొను చెత్తడబ్బా, ఫ్రిజ్ తలుపులోని అరలు ఆమె ఆలోచనలే.

మనము చేయవలసినది

ఇన్ని యంత్రములు వచ్చిన తరువాత వంటయింటి శ్రమ తీరిపోయినదా? 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, ఇంటిపని చేయు స్త్రీలు జీతము లేని ఆ పనికి దినమునకు సగటున 299 నిమిషములు వెచ్చించినారు. ఇంటిపనిలో పాలుపంచుకొన్న పురుషులు వెచ్చించినది 97 నిమిషములు. అనగా స్త్రీకి ఇంచుమించు అయిదు గంటలు. కళాశాలలో మనకు ఒకదినమున జరుగు తరగతుల కాలము అంతకు మించదు. పరీక్షల మాసములో తమ్ముడు పుస్తకము పట్టుకొని కూర్చుండగా అక్క పిండి కలుపుచుండుట మన ఇండ్లలో నేటికిని కనిపించు దృశ్యమే. రాతిని మోటారు త్రిప్పగలదు. నీరింకిన క్షణమును పట్టీ కనిపెట్టగలదు. పనిని ఇంటిలోని వారందరికి పంచిపెట్టు యంత్రమును మాత్రము ఇంతవరకు ఎవరును కనిపెట్టలేదు. అది మనుషులే చేయవలసిన పని.

కనుక విద్యార్థులకు మా మనవి రెండు మాటలు. ఇంటిలోని ఉపకరణమును వాడుటతో తృప్తిపడక, అది ఏ సూత్రముతో పనిచేయుచున్నదో తెలిసికొనుడు. కుక్కరు రబ్బరుపట్టీ పగిలినదేమో, గ్యాసు గొట్టము గడువు తీరినదేమో మీరే చూచి మార్పించుడు. ఇంటిలో ఆ జ్ఞానము కలవారు మీరే కావచ్చును. రెండవది, ఆ ఉపకరణము ముందు దినమున ఒక పూటయైనను మీరు నిలబడుడు. పాపాన్ ఎముకలను ఉడికించినాడు, స్పెన్సర్ పేలాలు వేయించినాడు. పొయ్యి దగ్గర నిలబడుటవలన వారి గౌరవము తగ్గలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపము ఒక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక అరను వంటయింటికి కేటాయింపగోరుచున్నాము. పనికిరాని రైస్‌కుక్కరు ఒకటి, పాత పంపుస్టవ్వు ఒకటి, విప్పిన కుక్కరు మూత ఒకటి, కాలిన మిక్సీ మోటారు ఒకటి చాలును. ఖర్చు స్వల్పము. గుప్తోష్ణము, పీడనము, ద్విలోహపట్టీ అనునవి పుస్తకములోని మాటలుగా కాక, తల్లి చేతిలోని వస్తువులుగా విద్యార్థికి అర్థమగును. వాటిని విప్పి చూచు బాలబాలికలలో ఒకరైనను, ఇంకను ఎవరును అడుగని ప్రశ్నను అడుగకపోరు.